వేలి బరువు గాజుకి తెలుస్తుందా?

వేలు ఎంత గట్టిగా నొక్కుతున్నదీ అంకెల్లో చూపించే చిన్న యాప్ ఒకటి తెరిచి ఫోను బల్ల మీద పెట్టాను. మెత్తగా ముట్టుకుంటే 1.0 అంది. గోరు తెల్లబడేదాకా అదిమాను. అప్పుడూ 1.0 అంది. చూపుడు వేలి కొస వదిలేసి బొటనవేలు వెడల్పుగా ఆనించినా అదే మాట. అది ఈమధ్య కొన్న ఆండ్రాయిడ్ ఫోను. పక్కనే సొరుగులోంచి తీసిన పాత ఐఫోన్ 6ఎస్ ఉంది, ఒక మూల గాజు చిట్లిపోయింది. దాని మీద అదే పని చేస్తే అంకె సున్నా పక్కనుంచి మొదలై, వేలు బరువెక్కేకొద్దీ పాక్కుంటూ ఆరు దాటి 6.67 దగ్గర ఆగింది. వేలు సడలిస్తే అంతే నెమ్మదిగా దిగొచ్చింది. 2015 నాటి ఫోనుకి తెలిసిన సంగతి, దాని తర్వాత పుట్టినదానికి తెలియదు.

మెసేజీలు చూసుకోవడానికి ఇది పెద్ద లోటేం కాదు. తెర మీద పియానో కీలో మృదంగం మూతో గీసి ‘వాయించు’ అన్నప్పుడే ఇబ్బంది మొదలవుతుంది. వాయిద్యం అనేది చేతి బరువుని నాదంగా మార్చే వస్తువు. బరువు తెలియని గాజుపలక మీద సంగీతం ఎలా పలికించాలన్నదానికి సంగీతకారులు, విశ్వవిద్యాలయాల వాళ్ళు, ఫోను కంపెనీలు ఇప్పటికే చాలా జవాబులు చెప్పారు. వాటన్నిటినీ వరసగా పెట్టి చూస్తే నాకు ఒకటి అనిపిస్తుంది. అడిగిన ప్రశ్న ఒకటి, చాలామంది చెప్పిన జవాబు వేరే ప్రశ్నకి.

మన మాటల్లోనే ఆ తేడా ఉంది. కొట్టడం వేరు, అదమడం వేరు. మృదంగం కుడివైపు ‘నం’ అనేది కొట్టడం. వేలు తగిలి వెనక్కి లేచేసరికి పని అయిపోతుంది, ఆ తర్వాత ఆ నాదం మీద వేలికి అధికారం లేదు. ఎడమవైపు, రవ్వముద్ద అంటించిన తొప్పి మీద దెబ్బ వేసి, అరచేతి మడమతో చర్మాన్ని అదుముతూ ముందుకి జరిపితే గుమ్మని సాగి పైకి లేచే నాదం ఉందే, గుమికి అంటారు దాన్ని, అది అదమడం. మొదటిదాన్ని యంత్రానికి చెప్పాలంటే ఒక్క అంకె చాలు. రెండోదానికి నాదం బతికున్నంతసేపూ అంకెలు వస్తూనే ఉండాలి. ‘ఒత్తిడి’ అన్న ఒకే మాట కింద ఈ రెంటినీ కలిపేయడం దగ్గరే గందరగోళం మొదలైంది.

పాశ్చాత్య కీబోర్డుల కథ చాలావరకు ఈ రెండు మాటల మధ్యే నడిచింది. హార్ప్సికార్డ్‌లో కీ నొక్కితే లోపల ఈక మొన ఒకటి తీగని మీటుతుంది. ఎంత గట్టిగా నొక్కినా మీటు ఒక్కలాగే ఉంటుంది. 1700 ప్రాంతంలో ఫ్లారెన్స్‌లో బార్తొలొమేయో క్రిస్టొఫోరి ఈక తీసేసి చిన్న సుత్తి పెట్టాడు. మెల్లగానూ గట్టిగానూ పలికే వాయిద్యమని దాన్ని చెప్పుకున్నారు, ‘పియానో’ అన్న పేరు ఆ ‘మెల్లగా’లోంచి వచ్చిందే. పియానో కొట్టడాన్ని గెలిచింది. అదమడం మాత్రం దాంట్లో లేదు, సుత్తి తీగని తాకి వెనక్కి పడ్డాక కీని ఎంత నొక్కినా ఏమీ కాదు. అదమడం తెలిసిన కీబోర్డు అంతకు ముందే ఉంది, దాని పేరు క్లావికార్డ్. అందులో కీ చివరి ఇత్తడి రేకు తీగని తాకి అక్కడే ఆనుకుని ఉంటుంది. ఇంకాస్త నొక్కితే తీగ బిగుసుకుని స్వరం కొంచెం పైకి పోతుంది. వేలు ఊగిస్తే స్వరం ఊగుతుంది. వీణ మీద తీగ లాగడానికి ఐరోపా కీబోర్డుల్లో ఇంతకంటే దగ్గరి చుట్టం లేదు. పాపం దాని గొంతు మరీ సన్నం, గది దాటి వినపడదు. సభలు పెద్దవయ్యేసరికి పియానో ముందుకొచ్చింది.

మన దేశంలో ఈ తగవు హార్మోనియం మీద నడిచింది. సురభి నాటకాల్లో పద్యం రాగం తీసినప్పుడు పక్కన హార్మోనియం ఎలా అల్లుకుంటుందో విన్నవాళ్ళెవరూ దాన్ని చులకన చెయ్యలేరు. ఎడమచేత్తో తిత్తి విసిరే తీరులో గట్టి, మెత్తన పలుకుతాయి. ఒక్కో స్వరాన్ని వేలితో వంచడం మాత్రం దానివల్ల కాదు. గమకం లేదన్నది దాని మీద పెద్ద ఫిర్యాదు. ఆలిండియా రేడియో 1940లో దాన్ని బయటికి నెట్టి, 1971 దాకా లోపలికి రానివ్వలేదు. ఫోను తెర మీది కీబోర్డు గురించి ఇప్పుడు మనం అంటున్న మాటలు ఆనాడు హార్మోనియం గురించి అన్నవే.

ఎలక్ట్రానిక్ వాయిద్యాలు వచ్చాక అదమడానికి మళ్ళీ అవకాశం దొరికింది. కెనడాలో హ్యూ ల కెయిన్ అనే భౌతికశాస్త్రవేత్త 1945, 1948ల మధ్య ‘ఎలక్ట్రానిక్ సాక్‌బట్’ అనే కీబోర్డు కట్టాడు. దాని కీని కిందికి నొక్కితే నాదం పెరిగేది, పక్కకి తోస్తే స్వరం వంగేది. ఆ ఊహ దుకాణాల్లోకి రావడానికి 30 ఏళ్ళు పట్టింది. 1970ల చివర్లో యమహా సీఎస్-80 వచ్చింది, ఒక మనిషి మోయలేనంత బరువు. దాంట్లో ఏ కీని ఎంత అదిమితే ఆ కీ నాదం అంత మారేది. ‘బ్లేడ్ రన్నర్’ సినిమాలో వాంగెలిస్ సంగీతం విన్నవాళ్ళకి ఆ కరిగిపోయే ఇత్తడి నాదం గుర్తుండే ఉంటుంది. 1983లో మిడీ అనే ఉమ్మడి భాష ఏర్పడ్డప్పుడు కొట్టడానికి 127 మెట్లు ఇచ్చారు, కొట్టిన తర్వాతి అదుముడికి కూడా చోటిచ్చారు. కానీ ప్రతి కీ కింద విడి సెన్సర్ పెట్టడం ఖర్చుతో కూడిన పని. మార్కెట్‌లో అమ్ముడైన కీబోర్డుల్లో ఎక్కువ వాటికి కొట్టడమే తెలుసు, కొన్నిటికి అన్ని కీలకీ కలిపి ఒకే అదుముడు తెలుసు. ఫోనుల కాలం వచ్చేసరికి ‘ఒత్తిడి’ అంటే ఎంత గట్టిగా కొట్టావన్నదే అన్న అలవాటు స్థిరపడిపోయింది.

ఇక గాజు సంగతి. ఇప్పటి ఫోను తెరలో కంటికి కనపడని వాహకాల వల ఉంటుంది, కొన్ని అడ్డంగా, కొన్ని నిలువుగా. అవి కలిసే చోట కాస్త విద్యుదావేశం నిలవ ఉంటుంది. వేలు దగ్గరికి రాగానే అందులో కొంత మన ఒంటివైపు మళ్ళుతుంది. ఆ తగ్గుదల చూసి చిప్ ‘ఇక్కడ వేలుంది’ అని లెక్కగడుతుంది. ఈ లెక్కలో బరువు ఎక్కడా లేదు. పుల్లతో ఎంత పొడిచినా ఫోను ఉలకకపోవడం, నీటిచుక్క పడితే మాత్రం ఎవరో ముట్టుకున్నట్టు కంగారు పడటం అందుకే. దానికి ముందు నోకియా 5800 లాంటి ఫోన్లలో రెండు పొరలు ఒకదానికొకటి తగిలేలా నొక్కే తెరలుండేవి. నిజంగా నొక్కితేనే పలికిన తెర అదే. అయినా అది అడిగింది ‘తగిలిందా లేదా’ అనే, అదీ ఒక్క వేలినే. పది వేళ్ళని గుర్తుపట్టే తెర వచ్చిన రోజునే ఆ కాస్త నొక్కుడు కూడా పోయింది.

వల చెప్పే సంగతుల్లోంచే బరువు పిండుకోవాలని చూసినవాళ్ళు చాలామంది. వేలి కండ మెత్తన, గట్టిగా నొక్కితే పరుచుకుంటుంది, గాజు మీద మచ్చ పెద్దదవుతుంది. మచ్చ సైజుని బట్టి ఒత్తిడి ఊహించొచ్చు. ఆండ్రాయిడ్‌లో ఒత్తిడి అడిగే ఏర్పాటు మొదట్నుంచీ ఉంది, మామూలు తాకుడికి 1 అనీ, ఫోనుని బట్టి అది దాటొచ్చనీ దాని నియమం. లోపల సెన్సరే లేని చాలా ఫోన్లు ఈ మచ్చ సైజునే ఒత్తిడి అని చెబుతాయి, కొన్ని నా ఫోనులా కళ్ళు మూసుకుని 1.0 అంటాయి. మచ్చతో పని నడవనిది ఎక్కడంటే, మొదటి కాస్త బరువుకే అది గబగబా పెరిగి ఆగిపోతుంది. ఆపైన ఎంత అదిమినా కండ పరుచుకోడానికి ఇంకేమీ మిగలదు. పిల్లల వేలికీ పెద్దల వేలికీ, నిలువుగా ఆనిన వేలికీ పడుకోబెట్టిన వేలికీ లెక్క మారిపోతుంది. వీణ నేర్చుకుని ఎడమచేతి వేళ్ళు కాయకాసినవాళ్ళ మచ్చ మరీ చిన్నది.

ఆపిల్ వాళ్ళు 2011 మార్చిలో ఐప్యాడ్‌కి గరాజ్‌బ్యాండ్ అనే సంగీతం యాప్ తెచ్చినప్పుడు వేరే దారి పట్టారు. పలకలో వంపులూ కుదుపులూ కనిపెట్టే యాక్సిలరోమీటర్ ఎలాగూ ఉంది. వేలు తగిలిన క్షణాన పలక ఎంత అదిరిందో చూస్తే ఎంత గట్టిగా కొట్టారో తెలిసిపోతుంది. ఉన్న వస్తువుతోనే లేని పని చేయించుకోవడం, మంచి ఇంజనీర్ల గుణమది. బల్ల మీద పెట్టి డ్రమ్ముల్ని వాయిస్తే ముచ్చటగానే ఉంటుంది. ఒళ్ళో పెట్టుకుంటే తొడ ఆ కుదుపుని కొంత మింగేస్తుంది, పరుపు మీదైతే దాదాపు అంతా మింగేస్తుంది. మూడు వేళ్ళతో ఒకేసారి కొడితే మూడు కుదుపులు రావు, పలకంతటికీ కలిపి ఒకటే వస్తుంది. బొటనవేలు గట్టిగా, చిటికెనవేలు మెల్లగా అన్న తేడా దాంట్లోనే కలిసిపోతుంది. అన్నిటికీ మించి ఇది కొట్టడానికి మాత్రమే జవాబు. కొట్టాక కదలని వేలి గురించి కుదుపు ఏం చెబుతుంది?

అంతకు రెండేళ్ళకి పైగా ముందే వేలిని పూర్తిగా పక్కనపెట్టిన వాయిద్యం ఒకటి వచ్చింది. ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చేది అదే. 2008 నవంబరులో స్టాన్‌ఫర్డ్ అధ్యాపకుడు గె వాంగ్, స్మ్యూల్ సంస్థ తరఫున, ‘ఒకరీనా’ అనే యాప్ చేశాడు. ఫోనుని పిల్లనగ్రోవిలా పట్టుకుని మైక్రోఫోనులోకి ఊదాలి. తెర మీద నాలుగు రంధ్రాలు, వాటిని మూసే తీరుని బట్టి స్వరం. ఫోను వంచితే స్వరం కంపిస్తుంది. గట్టి, మెత్తన అన్నీ ఊపిరివే. వేళ్ళకి తెర నిజంగా ఇవ్వగలిగినది ఉందా లేదా అన్న సమాచారమే, కాబట్టి వాటికి ఆ పనే ఇచ్చాడు. బతికున్నంతసేపూ మారుతూ ఉండే అంకె కోసం ఊపిరిని పిలిచాడు. గాజు చేయలేని పని గాజుని అడగలేదు. ఆ తర్వాత వచ్చిన వందల పియానో యాప్‌లలో ఇంత వివేకం చాలా తక్కువ.

విశ్వవిద్యాలయాల్లోనూ దీని మీద పని జరిగింది. సంగీతానికి కొత్త సాధనాలు తయారుచేసేవాళ్ళ సదస్సు 2010లో సిడ్నీలో జరిగితే, గెయోర్గ్ ఎస్ల్, మిఖాయెల్ రోస్, స్వెన్ క్రాట్జ్ సరిగ్గా ఈ ప్రశ్న మీదే పత్రం చదివారు. మొబైల్ సంగీతానికి ఒత్తిడి ఎలా తేవాలి, అది లేకపోతే ఒత్తిడి లాంటిది ఏం పనికొస్తుంది అని. ‘ఒత్తిడి లాంటిది’ అని వేరుగా ఒప్పుకోవడమే ఆ పత్రంలో నాకు నచ్చినది. 2012లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఫోనుని వణికించే మోటారుని వాడారు. వేలు గట్టిగా అదిమితే వణుకు అణగిపోతుంది, ఆ తేడాని ఫోనులోని గైరోస్కోప్ పట్టేస్తుంది. 2016లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంకో అడుగు వేశారు. స్పీకరులోంచి మనిషి చెవికి దాదాపు అందనంత కీచు శబ్దం వదిలి, అది ఫోను ఒళ్ళంతా పాకి మైక్రోఫోనుకి చేరేసరికి ఎంత బలహీనపడిందో కొలిచారు. అదిమేకొద్దీ తగ్గుతుంది. ఈ రెండూ చదువుతుంటే ఒళ్ళు పులకరించే తెలివి. వాయిద్యం దగ్గరికొచ్చేసరికి మాత్రం చిక్కే. సంగీతం వినిపించాల్సిన స్పీకరుకే కొలత పని కూడా అప్పజెప్పాలి, లేదా వాయిస్తున్నంతసేపూ చేతిలో ఫోను వణుకుతూ ఉండాలి. పైగా వచ్చే కొలత ఫోనంతటికీ ఒక్కటే, ఏ వేలిదో చెప్పదు. గూగుల్ 2020లో పిక్సెల్ 4లో మచ్చ ఆకారం క్షణక్షణం ఎలా మారుతోందో న్యూరల్ నెట్‌వర్క్‌కి చూపించి, గట్టిగా నొక్కడాన్ని గుర్తుపట్టించింది. దాన్ని వాడింది మాత్రం ఎక్కువసేపు నొక్కిపట్టే పనిని కాస్త తొందరగా ముగించడానికే.

లోపలే నిజమైన సెన్సర్ ఉన్న కాలం ఒకటి వచ్చింది, నాలుగేళ్ళే. 2015 సెప్టెంబరులో బెర్లిన్ ప్రదర్శనలో హువావే తన మేట్ ఎస్ తెర మీద నారింజపండు పెట్టి తూచి చూపించింది. అదే నెలలో ఆపిల్ ఐఫోన్ 6ఎస్‌తో 3డీ టచ్ తెచ్చింది. తెర వెనక, బ్యాక్‌లైట్ పొరలో సెన్సర్లు పరిచారు. పైనున్న గాజు వేలి బరువుకి వెంట్రుకవాసి కంటే తక్కువ వంగినా, ఆ దూరం తగ్గడాన్ని అవి కొలిచేవి. సాఫ్ట్‌వేర్‌లో మామూలు తాకుడు 1, అక్కణ్ణుంచి 6.67 దాకా. బరువులో చెప్పుకుంటే 385 గ్రాముల దగ్గర దాని అంతు. కూరగాయల త్రాసులా వాడుకునే యాప్ ఒకటి ఎవరో చేశారు. వస్తువు నేరుగా పెడితే తెర గుర్తుపట్టదు కాబట్టి చెంచా పెట్టి అందులో తూచాలి. ఆపిల్ దాన్ని స్టోర్‌లోకి రానివ్వలేదు.

సంగీతం వాళ్ళు వెంటనే అందుకున్నారు. మెత్తటి రబ్బరు కీబోర్డులు చేసే లండన్ సంస్థ రోలీ, తన సీబోర్డ్‌ని 6ఎస్ తెర మీదికి తెచ్చింది. 2016 జనవరిలో గరాజ్‌బ్యాండ్‌కీ 3డీ టచ్ తోడైంది. ఇన్నాళ్ళకి ఒక్కో వేలికీ విడిగా, నాదం ఆగేదాకా మారే అంకె దొరికింది. నా పాత ఫోను మీద వయొలిన్ల గుంపు నాదం పెట్టి ఒక స్వరం అదిమిపట్టాను. మెల్లగా నొక్కితే దూరంగా ఎక్కడో మొదలై, వేలు దిగేకొద్దీ గది నిండుతుంది. మొదటిసారి చేసినప్పుడు ఆనందంగానే ఉంటుంది. పది నిమిషాలయ్యాక వేలి కణుపు మూలుగుతుంది. వంటింటి త్రాసు మీద 300 గ్రాములు వచ్చేలా ఒక్క వేలితో నొక్కి, ముల్లు కదలకుండా ఒక నిమిషం నిలపండి, నేను చెప్పేది తెలుస్తుంది. బరువు పెద్దదేం కాదు. కానీ వేలికి ఎక్కడున్నానో తెలియదు. రెండొందల గ్రాముల దగ్గరా, మూడొందల దగ్గరా గాజు ఒకేలా ఉంటుంది, అది లోపలికి దిగదు.

3డీ టచ్ ఎందుకు పోయిందన్నదానికి మామూలుగా చెప్పే కారణాలు నిజమే. ఏ బొమ్మ మీద గట్టిగా నొక్కితే ఏమొస్తుందో తెర మీద ఎక్కడా కనపడదు, కాబట్టి వాడినవాళ్ళు తక్కువ. ఐఫోన్ 6 బరువు 129 గ్రాములైతే 6ఎస్ 143 గ్రాములు, ఆ పెరుగుదలలో పెద్ద భాగం తెరదే. 2018లో ఐఫోన్ ఎక్స్‌ఆర్ అది లేకుండా వచ్చింది, 2019లో ఐఫోన్ 11 వరసతో పూర్తిగా పోయింది. దాని చోట ఎక్కువసేపు నొక్కిపట్టడం మిగిలింది. సంగీతం వైపునుంచి చూస్తే ఇంకో కారణం ఉంది, దాని గురించి ఎక్కువగా మాట్లాడరు. మొబైల్ సంగీతానికి అసలు వేదిక ఐప్యాడ్. రెండు చేతులు పట్టేది దాని మీదే. ఐప్యాడ్‌కి వేలి ఒత్తిడి ఒక్కనాడూ రాలేదు. ఆపిల్ పెన్సిల్‌కి ఒత్తిడి తెలుసు, కానీ పెన్సిలుతో బొమ్మ వేస్తారు, కీబోర్డు వాయించరు. జేబులో పట్టే చిన్న తెర మీద మాత్రమే ఉన్న సదుపాయం కోసం ఏ యాప్ వాళ్ళు తమ వాయిద్యాన్ని మొదట్నుంచీ తిరగరాస్తారు? గరాజ్‌బ్యాండ్‌లోనూ ఒత్తిడి ఉంటే మంచిదే, లేకపోయినా నడుస్తుంది అన్నట్టే ఉంది. లేకపోయినా నడిచేది ఒకనాటికి లేకుండానే పోతుంది.

మన సంగీతానికి ఇదంతా ఎంతవరకు పనికొస్తుందన్నది వేరే సంగతి, నాకు ముఖ్యమైన సంగతి. పాశ్చాత్యుల లెక్కలో ఒత్తిడి అంటే ఎక్కువగా శబ్దం పెరగడం తగ్గడం. మనకి అదమడం స్వరాన్నే మారుస్తుంది. వీణ మీద 24 ఇత్తడి మెట్లు మైనంలో కూర్చి ఉంటాయి. ఒక మెట్టు మీద తీగని నొక్కి పక్కకి లాగితే, వేలు అక్కడే ఉండగా స్వరం పైకి పాకుతుంది. ఒకే మెట్టు మీద రెండు మూడు స్వరాలు పైకి పోవచ్చు. లాగేకొద్దీ తీగ బిగుసుకుంటుంది, ఎదురు తిరుగుతుంది. ఎంత దూరం వచ్చాననేది చెవి కంటే ముందు వేలికి తెలుస్తుంది. తోడి రాగంలో గాంధారం ఊగిసలాటంతా ఈ ఎదురు మీదే నడుస్తుంది. పాలకొల్లు నుంచి వచ్చిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్‌ని మన కచేరీ వేదిక ఎక్కించినప్పుడు జంట తీగలు తీసేసి, ఐదు ఒంటి తీగలు వేసి వాయించాడు. గమకం పలకాలంటే వాయిద్యమే మారాలని ఆయనకి తెలుసు.

గాజు మీద ఇదే ఎందుకు కుదరదో మీరే చూడొచ్చు. వేలిని తేలికగా ఆనించి పక్కకి జరపండి, జారుతుంది. గట్టిగా అదిమి జరపండి, అతుక్కుని కీచుమంటూ గెంతుతుంది. కాబట్టి గాజు మీద ఒత్తిడీ జారుడూ ఒకదానికొకటి శత్రువులు. తీగ మీద అవి రెండూ ఒకే కదలిక. సెన్సర్ ఎంత మంచిదైనా ఈ రాపిడిని తీసెయ్యలేదు. మన సంగీతానికి తెర మీద బాగా పలికిన యాప్‌లు ఒత్తిడిని వదిలేసి జారుడిని పట్టుకున్నది ఇందుకే. కీబోర్డు వాద్యకారుడు జోర్డన్ రూడెస్ బృందం చేసిన జియోష్రెడ్ తెర మీద వేలు తేలికగా జారితే స్వరం అఖండంగా పాకుతుంది, ఆగిన చోట కావాలంటే సరైన స్వరస్థానానికి సర్దుకుంటుంది. దాని మీద మహేశ్ రాఘవన్ ఐప్యాడ్‌తో కర్ణాటక కృతులు వాయిస్తుంటే మొదట నవ్వొచ్చినవాళ్ళు కూడా రెండో ఆవర్తనానికి ఊరుకున్నారు. గమకాల్లో జారు అచ్చంగా వస్తుంది, కంపితం బాగానే వస్తుంది. తీగ ఎదురు తిరిగితే పుట్టే ఆ ఒరిపిడి మాత్రం ఉండదు. అది వేరే వాయిద్యం అనుకుని వింటేనే న్యాయం.

అదమడం కావాలనుకున్నవాళ్ళు ఫోను గాజు వదిలేసి మెత్తటి ఉపరితలం కొనుక్కున్నారు. లిప్పోల్డ్ హేకెన్ చేసిన కంటిన్యుయం కీలు లేని బట్టపరుపులాంటి వాయిద్యం. వేలు ఎక్కడుంది, ఎంత దిగింది అన్నీ దానికి తెలుసు. ‘ఢిల్లీ-6’లో ‘రెహనా తూ’ పాట చివర ఏ.ఆర్.రెహమాన్ వాయించినది అదే. సితారో వయొలినో తేల్చుకోలేక మనం ఒక క్షణం ఆగిపోయేది అక్కడే. రోలీ సీబోర్డ్, రోజర్ లిన్ చేసిన లిన్‌స్ట్రుమెంట్ కూడా ఈ జాతివే. వీటి కోసం మిడీ భాష కూడా మారాల్సి వచ్చింది. పాత పద్ధతిలో ఒక ఛానెల్‌లో ఒక స్వరం వంచితే దానితోపాటు మోగుతున్నవన్నీ వంగేవి. ఒక్కో స్వరానికి ఒక్కో ఛానెల్ ఇచ్చే ఎంపీఈ ఒప్పందం 2018లో అధికారికమైంది. 2020లో వచ్చిన మిడీ 2.0లో కొట్టడానికి 127 మెట్ల చోట 65,536 మెట్లు ఉన్నాయి. ఇప్పుడు ఐప్యాడ్ చేసే పని నాదం పుట్టించడం, బరువు చూసేది దానికి తగిలించిన రబ్బరు పలక. ధర చూస్తే ఫోనుకి పెట్టినంతా దానికీ పెట్టాలి.

ఆలస్యం గురించి కూడా ఒక మాట. వేలు తగిలినప్పటి నుంచి నాదం వినపడేదాకా 10 మిల్లీసెకండ్లు దాటకూడదని పరిశోధకులు డేవిడ్ వెసెల్, మాథ్యూ రైట్ చాలాకాలం కిందటే లెక్క చెప్పారు. గాలిలో శబ్దం ఆ వ్యవధిలో 3 మీటర్ల పైచిలుకు పోతుంది, కచేరీలో గాయకుడికీ మృదంగానికీ మధ్య దూరం కంటే ఎక్కువే. సెకండుకి 60 సార్లు చూసే తెర ఒక్కసారి చూసి మళ్ళీ చూసేలోపే 16 మిల్లీసెకండ్లు అయిపోతాయి. ఇప్పటి తెరలు అంతకంటే వేగంగా చూస్తున్నాయి, ఆండ్రాయిడ్ కూడా పాత బద్ధకం చాలావరకు వదిలించుకుంది. ఈ బాధ తీరిపోతున్నది. బరువు బాధ అలాగే ఉంది.

పాత 6ఎస్‌ని ఒకసారి మా వీణ టీచరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ వయసు డెబ్బై దాటింది. ఎడమచేతి చూపుడు, మధ్య వేళ్ళ కొసల్లో నల్లటి గీతలు దిగిపోయి ఉంటాయి, అవి తీగ చేసినవి. ఫోను చేతిలో పెట్టుకుని తెర మీద ఒక స్వరం నొక్కారు, అలవాటు కొద్దీ పక్కకి లాగారు. వేలు పక్క కీ మీదికి జారి ఇంకో స్వరం మోగింది. మళ్ళీ నొక్కి, ఈసారి లాగకుండా అదిమారు. నాదం పెద్దదైంది, స్వరం అక్కడే ఉంది.

“లోపలికి పోదేమిటి నాన్నా ఇది?” అన్నారు.

“గాజు కదండీ టీచర్.”

“మరి నాకెలా తెలుస్తుంది, ఎంత నొక్కానో?”

అంకె చూపించే యాప్ తెరిచి చూపించాను. 4.2 దగ్గర ఊగుతోంది. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని కాసేపు ఆ అంకెనే చూశారు. తర్వాత ఫోను నా చేతికిచ్చి, “దాంట్లో శ్రుతి ఉందిగా, రెండున్నరకి పెట్టు” అని వీణ ఒళ్ళోకి తీసుకున్నారు.